ఇప్ప చెట్టు కింద పిల్ల మొక్క ఏది?

ఏప్రిల్ మొదట్లో మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరోంచ తాలూకా పల్లెల్లో కోడి కూయకముందే గంపలు కదులుతాయి. అంకీసా అయినా, ఆసరెల్లి అయినా, అడవి లోపలున్న చిన్న గూడేలైనా అదే వరస. రాత్రంతా రాలిన ఇప్ప పువ్వు తెల్లారేసరికి చెట్టు కింద పరుచుకుని ఉంటుంది. కాస్త ఆలస్యమైతే పశువులు, జింకలు తినేస్తాయి. ఎండెక్కితే పువ్వు మెత్తబడి మట్టి అంటుకుంటుంది. అందుకే చీకట్లోనే ఏరుడు మొదలు. ఏ చెట్టు ఏ ఇంటిదో ఊళ్లో అందరికీ తెలుసు. అడవిలో ఉన్న చెట్టయినా సరే, తాతల నాటి నుంచి ఏరుకుంటున్న ఇంటివాళ్లను కాదని ఇంకొకరు అక్కడ గంప దించరు. గొడ్డలి కూడా దాని జోలికి పోదు. పొలం కోసం చుట్టూ ఉన్నదంతా కొట్టేసినా ఇప్ప చెట్టును మాత్రం వదిలేస్తారు.

ఇంత ఆదరణ ఉన్న చెట్టు ఈ ప్రాంతంలో ఇంకోటి దొరకడం కష్టం. అయినా ఊరి దగ్గరి ఇప్పల కింద నేల చూసుకుంటూ ఒకసారి నడిస్తే ఒక సంగతి తడుతుంది. అన్నీ పెద్ద చెట్లే. ఒక మనిషి కౌగిలికి అందని మానులే ఎక్కువ. మోకాలెత్తు మొక్క, నడుమెత్తు మొక్క, మనిషి చేతి లావున్న పడుచు చెట్టు ఇవన్నీ పనిగట్టుకుని వెతికితేగాని కనపడవు. ఇళ్లన్నీ ఉండి, పొయ్యిలన్నీ వెలుగుతూ, పిల్లలు లేక బడి మాత్రం మూతపడ్డ ఊరిలా ఉంటుంది.

అడవి మొక్కలు ఎలా బతుకుతున్నాయో తెలుసుకోవాలంటే చెట్లు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టడం సరిపోదు. ఏ వయసువి ఎన్ని ఉన్నాయో చూడాలి. ఆరోగ్యంగా ఉన్న గుంపులో మామూలుగా మొలకలు వేలల్లో, మొక్కలు వందల్లో, పడుచు చెట్లు పదుల్లో, మానులు నాలుగైదు ఉంటాయి. గీత గీస్తే ఎడమవైపు నిటారుగా లేచి, కుడివైపుకు జారుతూ పోతుంది. మొదటి మూడు మెట్లూ ఖాళీగా ఉండి చివరి మెట్టు మీదే జనం ఉన్నారంటే, పైకి ఎంత పచ్చగా కనిపించినా ఆ గుంపు తన పాత సంపాదన మీద బతుకుతున్నట్టే.

ఒక గుంపులో మొక్కల సంఖ్య మారడానికి నాలుగే దారులు. పుట్టడం, చావడం, బయటి నుంచి రావడం, బయటికి పోవడం. జంతువులకైనా ఇవే. మొక్క తాను కదలదు కాబట్టి రాకపోకలన్నీ దాని పుప్పొడివి, గింజలవి. ఒక ఇప్ప చెట్టు అరవై ఏళ్లు కాసిందనుకుందాం. ఏడాదికి రెండు వేల గింజలే అనుకున్నా మొత్తం లక్షా ఇరవై వేలు. ఆ చోట ఇప్పల సంఖ్య పెరగకుండా తరగకుండా ఉండాలంటే, ఆ లక్షా ఇరవై వేలలో మాను అయ్యేది ఒకే ఒక్క గింజ కావాలి. ప్రతి చెట్టుకూ రెండేసి మిగిలితే నాలుగైదు తరాల్లో ఇంకో చెట్టుకు చోటే ఉండదు. అందుకే గింజలు దండిగా రాలాయని సంబరపడడానికి లేదు, ఎక్కువ పోయాయని కంగారుపడడానికీ లేదు. దాదాపు అన్నీ పోవడం అడవిలో మామూలు సంగతి. ఆ ఒక్కటి ఎక్కడ ఆగిపోతోందన్నదే అసలు ప్రశ్న.

ఇప్ప విషయంలో చాలామంది పువ్వు ఏరడాన్నే అనుమానిస్తారు. పువ్వు పోతే కాయ ఎక్కడిది అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ ఇప్ప దగ్గర ఆ మాట చెల్లదు. కొమ్మ చివర గుత్తిగా వేలాడే మొగ్గల్ని దగ్గర నుంచి చూస్తే, రేకులు విచ్చుకోకముందే మొగ్గ కొస నుంచి సన్నని పుల్ల లాంటిది బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. అది కీలం, పువ్వులోని ఆడ భాగం. అది ముందే తయారై ఉంటుంది. అదే పువ్వులోని పుప్పొడి ఆ తర్వాత పక్వానికొస్తుంది. తన పుప్పొడి తనకే అంటుకోకుండా ఉండేందుకు చెట్టు చేసుకున్న ఏర్పాటు ఇది. రాత్రిపూట పండ్లు తినే పెద్ద గబ్బిలాలు తీపి రేకుల కోసం వచ్చి, గుత్తి నుంచి గుత్తికి, చెట్టు నుంచి చెట్టుకు పుప్పొడి మోస్తాయి. గాలి కూడా కొంత సాయం పడుతుంది. ఆ పని తీరాక కండగల రేకుల గొట్టం, అంటే అందరూ పువ్వు అని ఏరుకునేది, కేసరాలతో సహా ఊడి రాలిపోతుంది. కాయ కావాల్సిన అండాశయం, దాని మీది కీలం కొమ్మ మీదే ఉండిపోతాయి. రాలిన పువ్వును వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే దారం నుంచి జారిపోయిన పూసలా మధ్యలో బోలుగా ఉంటుంది. గంపలోకి వచ్చేది చెట్టుకు పని తీరిపోయిన సరుకన్నమాట. కింద రాలినదాన్ని ఎంత ఏరినా పైన కాయ తగ్గదు.

మరి తేడా ఎక్కడొస్తోంది? పువ్వు ఏరడానికి ముందు చేసే పనిలో. ఎండుటాకుల్లో పడ్డ పువ్వు కళ్లకు ఆనదు. కాబట్టి పూత మొదలయ్యే ముందే చెట్టు కింద ఆకు పోగేసి నిప్పు పెడతారు. నేల నల్లగా, నున్నగా, ఏరడానికి అనువుగా అవుతుంది. కిందటి వానల్లో మొలిచిన పిల్ల మొక్కలు ఆ మంటతోనే పోతాయి. జూన్, జూలైలో కాయ పండి రాలితే నూనె కోసం గింజ ఏరుతారు. ఇది పువ్వు లాంటిది కాదు. గింజ పోతే నిజంగానే ఒక మొక్క పోయినట్టు. మిగిలిన నాలుగు గింజలు మొలిస్తే మేకలుంటాయి. పొలం గట్టు మీది చెట్టయితే నాగలి, ఇప్పుడు ట్రాక్టరు. విడివిడిగా చూస్తే ఇందులో ఏ దెబ్బా పెద్దది కాదు. కానీ ఏటా అన్నీ వరసగా, ఒకే చెట్టు నీడలో పడతాయి.

నిప్పుకు బదులు చెట్టు కింద వలలు, పాత చీరలు కట్టి పువ్వు పట్టే పద్ధతి కొన్ని ప్రాంతాల్లో మొదలైంది. మట్టి అంటని పువ్వు శుభ్రంగా ఉంటుంది, మొలకలూ మిగులుతాయి. కాకపోతే వలకు డబ్బు కావాలి, నిప్పుకు అగ్గిపుల్ల చాలు.

ఇప్పకు ఇంకో ఇబ్బంది పుట్టుకతోనే ఉంది. దాని గింజ నిల్వ ఉండదు. పండు రాలిన కొద్ది వారాల్లో తడి దొరికి మొలిస్తే మొలిచినట్టు, లేకపోతే గింజలోని జీవం పోతుంది. వాన రావాల్సిన సమయానికే పండు రాలేలా ఆ చెట్టు కాలాన్ని కుదుర్చుకుంది కాబట్టి మామూలు ఏడాదిలో ఇది లోటేమీ కాదు. గడ్డి జాతులు, కలుపు మొక్కలు చాలావరకు వేరే దారి పట్టాయి. వాటి గింజలు మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోతాయి. అమెరికాలోని మిషిగన్‌లో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో ఇరవై సీసాల్లో గింజలు నింపి భూమిలో పాతిపెట్టాడు, అవి ఎన్నేళ్లు బతుకుతాయో చూద్దామని. 2021లో వాటిలో ఒక సీసా తవ్వి తీసి చల్లితే, 142 ఏళ్ల తర్వాత కూడా ఒక జాతి కలుపు మొక్క మొలిచింది. అలాంటి మొక్కకు మట్టే బ్యాంకు. ఇప్పకు ఆ ఖాతా లేదు. ఒక ఏడాది పంట మొత్తం పోతే అది పోయినట్టే, కిందటేటి నిల్వ ఏమీ నేలలో మిగిలి ఉండదు. దాని పొదుపంతా మాను ఆయుష్షులోనే ఉంది. నలభై ఏళ్లు పిల్లలు లేకపోయినా నలభై ఒకటో ఏట ఒక్క మొక్క నిలబడితే చాలన్న ధైర్యంతో బతికే చెట్టు అది.

ఆ ధైర్యమే చూసేవాళ్లను మోసం చేస్తుంది. దీర్ఘాయుష్షు గల చెట్లలో గింజలు ఏరడం వల్ల జరిగే నష్టం ఇప్పటి తరానికి కనిపించదు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవుల్లో బ్రెజిల్ నట్ చెట్ల మీద జరిగిన పరిశీలన ఒకటి 2003లో వెలువడింది. అక్కడ 23 గుంపుల్ని పరిశీలిస్తే, దశాబ్దాలుగా గట్టిగా కాయలు ఏరిన చోట్ల పడుచు చెట్లు దాదాపు లేవు, ముసలి చెట్లే ఉన్నాయి. ఏరుడు తక్కువగా ఉన్న చోట్ల అన్ని వయసులవీ ఉన్నాయి. ఆ చెట్టునూ అక్కడ ఎవరూ నరకరు, దాని కాయ మీదే బతుకుతారు. సిరోంచ వైపు ఇప్పకు అంతకంటే దగ్గరి పోలిక దొరకదు.

బీడీలు చుట్టే ఆకు ఇచ్చే తునికి కథ దీనికి పూర్తిగా ఎదురు. ఇక్కడ మొక్కలకు కొదవే లేదు. ఫిబ్రవరి, మార్చిలో తునికి పొదల్ని నేలకు ఆనించి కొడతారు. ప్రూనింగ్ అన్న మాట గూడేల్లో కూడా వాడుకలో ఉంది. కొట్టిన నలభై, నలభై ఐదు రోజులకు మోడు నుంచి, వేళ్ల నుంచి కొత్త చిగుళ్లు లేస్తాయి. ఆ లేత ఆకునే ఏప్రిల్ చివర నుంచి మే నెలలో కోసి, కట్టలు కట్టి, కల్లంలో ఆరబెడతారు. సరిహద్దు నదికి అవతల తెలంగాణలో కట్టకు 50 ఆకులు, ఇవతల మహారాష్ట్రలో 70. కాబట్టి అవతలి నుంచి చుట్టాలింటికొచ్చి ఆకు కోసేవాళ్లు మొదటి రోజు చేతి లెక్క తప్పడం సహజం.

పొదలు అంత దట్టంగా ఉన్నాయి కదా, తునికికేం ఢోకా అనిపిస్తుంది. అక్కడే ఒక చిక్కుంది. అరటి తోటలో పిలకలు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. నేల మీద ఇరవై అరటి చెట్లు కనిపించినా అవన్నీ ఒకే తల్లి దుంప నుంచి వచ్చి ఉండొచ్చు. తునికి వేళ్లూ అంతే. నేలలో అడ్డంగా పాకుతూ పోయి, దూరదూరంగా పిలకలు లేపుతాయి. గొడ్డలి పడ్డా, నిప్పు తగిలినా ఇంకా ఎక్కువ లేపుతాయి. పైన నలభై పొదలు కనిపించిన చోట కింద ఉన్నది రెండో మూడో ప్రాణాలు మాత్రమే కావచ్చు. అందుకే మొక్కల జనాభా లెక్క మనుషుల జనాభా లెక్కంత సూటిగా ఉండదు. తలలు లెక్కపెట్టాలా, వేళ్లు లెక్కపెట్టాలా అన్నది ముందు తేల్చుకోవాలి.

పైగా తునికిలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. తాటి చెట్లలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే. ఒక వాలు మీది పొదలన్నీ ఒకే మగ వేరు నుంచి లేచినవైతే అక్కడ ఎన్ని వందల పొదలున్నా ఒక్క పండు కాయదు. ఆడ వేరే అయినా ఏటా నేలమట్టం చేస్తుంటే అది పూత దశకు ఎప్పుడు చేరాలి? పండు కాసేవి నరుకుడు తప్పించుకుని చెట్లుగా ఎదిగినవే. అంటే ఆకు కోసే ప్రాంతాల్లో తునికి బతుకుతోంది, పెరుగుతోంది కూడా, కానీ కనడం మాత్రం బాగా తగ్గించుకుంది. వేళ్ల మీద గడిచే బతుకులో భద్రత ఉంది. కరువులో, మంటలో గింజ మొక్క చస్తుంది, పిలక చావదు, దానికి వెనక తల్లి వేరు కూడబెట్టిన పిండి ఉంటుంది. కానీ పిలక తల్లికి నకలే. కొత్త తెగులొస్తే తట్టుకునే కొత్త రకం అందులోంచి పుట్టదు. వేరు ఏడాదికి పాకే దూరం కూడా ఎంతని? తునికి పండు తిన్న ఎలుగుబంటి ఒక్క రాత్రిలో గింజను గుట్ట దాటించగలదు.

చంద్రపూర్ జిల్లా గొండ్‌పిప్రి తాలూకాలో పాచ్‌గావ్ అనే చిన్న ఊరుంది. అటవీ హక్కుల చట్టం కింద 2012లో దాదాపు వెయ్యి హెక్టార్ల అడవి మీద ఆ ఊరికి సామూహిక హక్కు వచ్చింది. గ్రామసభ కూర్చుని తునికాకు కోత మానేద్దామని తీర్మానించింది. ఆకు కోసం కొమ్మలు నరకడం, నిప్పు పెట్టడం అడవిని దెబ్బతీస్తోందన్నది వాళ్ల లెక్క. ఆకు డబ్బు పోయింది, చెట్ల మీద పండు మిగిలింది. వెదురు అమ్మకం మీద ఆ ఊరికి ఆదాయం ఉంది కాబట్టి ఆ నిర్ణయం నిలబడింది. సిరోంచ, అహేరి వైపు తునికాకు డబ్బే ఏడాది మొత్తంలో చేతికొచ్చే పెద్ద మొత్తమైన ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్లకు ఈ నీతి చెప్పడం తేలిక, వాళ్ల బదులు నష్టం భరించడం తేలిక కాదు. కానీ ఒకటి చేయొచ్చు. ప్రతి వాలు మీదా కొన్ని ఆడ, కొన్ని మగ చెట్లను ఎంచి కొట్టకుండా వదిలేస్తే ఆకు కోతకు పెద్దగా లోటు రాదు.

వేళ్లలో దాచుకునే ఈ విద్యలో టేకు ఇంకో మెట్టు పైన ఉంటుంది. ఆలాపల్లి టేకు పేరు తెలియనివాళ్లు ఇటువైపు తక్కువ. అక్కడి పాత అడవి ముక్కను 2014లో మహారాష్ట్ర ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది కూడా. ఆ ఆకాశమెత్తు మానులు బాల్యంలో ఎలా గడిపాయో చూస్తే నవ్వొస్తుంది. టేకు మొలక వానాకాలంలో జానెడు పెరుగుతుంది. ఎండలకో నిప్పుకో పైభాగం చచ్చిపోతుంది. మళ్లీ వానకు లేస్తుంది, మళ్లీ చస్తుంది. ఏళ్ల తరబడి ఇదే తంతు. చూసేవాళ్లకు ఎదుగూబొదుగూ లేని మొక్క. కింద మాత్రం వేరు ముల్లంగిలా లావెక్కుతూ ఉంటుంది. సరిపడా కూడాక ఒక వానాకాలం ఒక్కసారే మంటకు అందనంత ఎత్తుకు లేస్తుంది. అడవిలో మోకాలెత్తు టేకు మొక్క వయసు రెండేళ్లా, పన్నెండేళ్లా అన్నది తవ్వి చూస్తేగాని తెలియదు. ఇప్ప మొలక చిన్న వయసులో ఇన్ని మంటలకు ఓర్చుకోలేదు. ఒకే నిప్పు ఒకరికి పరీక్ష, ఇంకొకరికి చావు. ఊళ్ల చుట్టూ అడవి నెమ్మదిగా టేకు వైపు, తునికి వైపు వాలడానికి ఇదొక కారణం.

వెదురు దగ్గరికొస్తే ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి.

ఈ జిల్లాల్లో విస్తారంగా ఉండేది గట్టి వెదురు, బొంగు లోపల బోలు తక్కువగా ఉండే రకం. మేదరివాళ్లు తట్టలకు, చాటలకు, గుల్లలకు వాడేది, ఇళ్లకు తడికలయ్యేది, కాగితం మిల్లులకు పోయేది ఇదే. తొలి వానలకు పొదలోంచి కొమ్ము లేస్తుంది. కూర వండుకునే ఆ లేత కొమ్మును మరాఠీలో వాస్తే అంటారు. కోయకుండా వదిలితే ఒకే వానాకాలంలో పూర్తి ఎత్తుకు చేరుతుంది. లావు మాత్రం మారదు. నేలలోంచి ఎంత లావుతో లేచిందో చివరిదాకా అంతే లావు. ఇలా పొద ఏటా కొత్త బొంగులు వేస్తూ, పాతవి ఎండుతూ, ఒక్క పువ్వు కూడా పూయకుండా ఇరవై ఏళ్లు, నలభై ఏళ్లు, కొన్నిసార్లు అరవై దాటి గడిపేస్తుంది. తర్వాత ఒక ఏడాది ఆ ప్రాంతంలోని పొదలన్నీ కూడబలుక్కున్నట్టు పూస్తాయి. బొంగుల మీద ఆకు కంటే కంకులే ఎక్కువ. వడ్ల లాంటి గింజ బస్తాలకొద్దీ రాలుతుంది. ఆ తర్వాత పొద మొత్తం చచ్చిపోతుంది. కొమ్ముల్లేవు, పిలకల్లేవు, తల్లి వేరు కూడా మిగలదు.

ఎందుకింత మొండితనం? అమెరికా జీవశాస్త్రవేత్త డేనియల్ జాన్జెన్ 1976లో దీనికొక వివరణ ఇచ్చాడు. దాన్ని ఊరి మాటల్లో చెప్పుకోవచ్చు. ఊళ్లో రోజుకొక పెళ్లి జరిగితే పిలవని చుట్టాలు ప్రతి పెళ్లికీ వచ్చి విస్తరి ఖాళీ చేస్తారు. ఊళ్లో పెళ్లిళ్లన్నీ ఒకే పూట పెట్టుకుంటే? ఎంత తిండిపోతులైనా ఎన్ని ఇళ్లలో తినగలరు? ఎలుకలు, అడవి కోళ్లు, పందులు కడుపు పగిలేలా తిన్నా గింజ మిగులుతుంది, ఆ మిగిలిందే మొలుస్తుంది. మధ్యలో పూతే లేని దశాబ్దాల్లో ఆ గింజను నమ్ముకుని ఏ జంతువూ తన సంతతిని పెంచుకోలేదు. ఒక పొద మాత్రం తొందరపడి ఒంటరిగా పూసిందనుకోండి, దాని గింజ మొత్తం ఎలుకల పాలే. తొందరపడ్డవాళ్ల వంశం ఇలా తెగిపోతూ పోతూ, కలిసి పూసేవాళ్లే మిగిలారు. పొద లోపల ఏళ్లు లెక్కపెట్టే గడియారం లాంటిదేదో ఉందనడానికి ఆధారాలున్నాయి. కొన్ని వెదురు జాతులను వేరే దేశం తీసుకెళ్లి నాటినా పుట్టింటి పొదలతో పాటే పూశాయి.

వెదురు పూస్తే కరువొస్తుందన్న మాట ఇటువైపూ ఉంది, ఈశాన్యంలోనూ ఉంది. అది ఉత్త నమ్మకం కాదు. మిజోరంలో 48 ఏళ్లకొకసారి పూసే వేరే జాతి వెదురు 1959 ప్రాంతంలో పూసినప్పుడు ఎలుకల సంఖ్య ఒక్కసారిగా పెరిగి, గింజ అయిపోగానే అవి పొలాల మీద పడ్డాయి. కరువు వచ్చింది. మళ్లీ 2007 ప్రాంతంలో అదే పూత. మధ్య భారతంలోని గట్టి వెదురు అంత కచ్చితంగా గడియారం ప్రకారం నడవదు, పూత ముక్కలు ముక్కలుగా, కొన్నేళ్ల పాటు సాగుతుంది. కొన్ని పొదలు దారితప్పి విడిగా పూస్తాయి కూడా.

పూత తర్వాతి రెండు మూడేళ్లే వెదురుకు గండం. మొదటి ఏడాది వెదురు మొలక అచ్చం గరికలా ఉంటుంది. మేకకు ఆ తేడా తెలియదు, తెలిసినా పట్టించుకోదు. పైన చచ్చి ఎండిన పొదలు లక్షల బొంగుల చితిలా నిలబడి ఉంటాయి. ఒక్క వేసవి మంట చాలు, నలభై ఏళ్లు ఆగి కన్న బిడ్డలన్నీ ఒక్క మధ్యాహ్నంలో పోతాయి. అప్పుడు రెండో అవకాశం లేదు, ఎందుకంటే నేలలో పాత గింజ లేదు, తల్లి కూడా లేదు. ఆ గండం గడిస్తే మొలకలు తమలో తాము నీడ కోసం, నీటి కోసం కొట్టుకుని పలచబడి, కోతకొచ్చే పొదలు కావడానికి ఇంకో పదేళ్లు పడుతుంది. ఇప్పకు ఏటా కాస్త కాస్త కాపలా కావాలి. వెదురుకు మనిషి జీవితంలో ఒకసారి, మూడేళ్ల పాటు గట్టి కాపలా కావాలి. రెండింటికీ ఒకే నిబంధన రాస్తే ఒకదానికి అన్యాయం జరగక తప్పదు. కాగితం మీద ఎక్కువగా జరిగేది అదే.

సారపప్పు ఇచ్చే మొర్రి చెట్టుది ఇంకో రకం కష్టం. ఇప్పకు ఉన్నట్టు దానికి ఇంటిపేరు లేదు. అడవిలో ఎవరు ముందు వెళ్తే వాళ్లదే కాయ. నేను ఆగితే ఇంకొకడు కోస్తాడన్న టెన్షన్‌లో కాయ పండకముందే కొమ్మతో సహా విరిచేస్తారు. పచ్చి కాయలో పప్పు సగమే, ధరా సగమే, మొలిచే శక్తి అసలే ఉండదు. ఫలానా తేదీ దాకా ఎవరూ కోయొద్దని ఊరు కట్టు పెట్టుకుంటే అమ్మేవాళ్లకూ లాభం, చెట్టుకూ లాభం.

గింజ దూరం పోవడం గురించి ఒక మాట. తల్లి నీడలోనే మొలిచిన మొక్కకు బతుకు తక్కువని జాన్జెన్, జోసెఫ్ కానెల్ అనే ఇంకో శాస్త్రవేత్త 1970, 1971లలో విడివిడిగా వాదించారు. కారణం నీడ ఒక్కటే కాదు. ఆ జాతినే తినే పురుగులు, ఆ జాతికే పట్టే తెగుళ్లు తల్లి చుట్టూ కాచుకుని ఉంటాయి. కాస్త దూరం పోయిన గింజ వాటి కంట పడదు. అందుకే చెట్టు పండులో తీపి పెట్టి కూలి ఇస్తుంది. నల్లమద్ది, ఏగిస లాంటివి కూలి ఇవ్వకుండా రెక్కలు తొడిగి గాలికి వదిలేస్తాయి. ఇప్ప, తునికి, మొర్రి మోతగాళ్ల మీదే ఆధారపడ్డాయి. గబ్బిలాలు, ఎలుగుబంట్లు, కోతులు, పక్షులు. 2021 అక్టోబరులో ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి గడ్చిరోలిలోకి అడవి ఏనుగుల మంద దిగింది. పంటలు పోయాయి, ప్రాణాలు కూడా పోయాయి, ఆ ఊళ్ల భయం చిన్నది కాదు. మొక్కల వైపు నుంచి చూస్తే మాత్రం పెద్ద పండ్ల గింజల్ని కిలోమీటర్ల కొద్దీ మోసుకెళ్లి, పేడతో సహా నాటే కూలీలు చాలా కాలానికి తిరిగొచ్చినట్టు. అడవిలో ఒకరి మేలు ఇంకొకరి మేలుతో కలవకపోవడం కొత్తేమీ కాదు.

మోతగాళ్లు ఎవరికీ ప్రత్యేకం కాదు. లాంటానా పండును కూడా పిట్టలే మోస్తాయి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో తోటల అందం కోసం ఈ దేశానికి తెచ్చిన ఆ ముళ్ల పొద ఇప్పుడు అడవి నీడ పలచబడ్డ ప్రతిచోటా ఉంది. నరికితే మోడు నుంచి లేస్తుంది, కాల్చినా లేస్తుంది, ఏడాదిలో ఎక్కువ కాలం కాస్తుంది. గింజ, పిలక, మోతగాడు మూడు దారులూ ఒకే మొక్క చేతిలో ఉంటే ఏమవుతుందో దాన్ని చూస్తే తెలుస్తుంది. దాని కింద వెలుతురు లేక స్థానిక మొలకలు చాలావరకు నిలవవు.

ఒక ఊరి ఇప్పలు ఏ స్థితిలో ఉన్నాయో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గళ్లు కొన్ని తాడుతో గీసి, వాటిలో మోకాలి లోపువి, మనిషెత్తు లోపువి, అంతకు పైవి విడిగా లెక్కపెట్టడం, పెద్దవాటికి నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత తీయడం. అటవీ శాఖ వాడే ఎత్తు అదే. బడి పిల్లలు కూడా ఒక్క రోజులో చేయగల పని. అదే గళ్లను మూడేళ్ల తర్వాత మళ్లీ చూస్తే, ఏ మెట్టు మీద మొక్కలు రాలిపోతున్నాయో తెలుస్తుంది. మొలకలే లేకపోతే తప్పు గింజ ఏరుడులో ఉంది. మొలకలుండి మోకాలెత్తువి లేకపోతే నిప్పులోనో మేకలోనో ఉంది.

లెక్కకు మంచి కాలం ఆగస్టు, సెప్టెంబరు. అప్పటికి ఆ ఏటి గింజ మొలిచి ఉంటుంది, తర్వాతి నిప్పుకు ఇంకా ఆరు నెలల టైముంటుంది. ఊడ్చిన నేల మీద, మాను మొదట్లో వెతికి లాభం లేదు. కాస్త ఎడంగా, రేగు కంపలో, పాత పుట్ట పక్కన, రెండు బండల సందులో చూడాలి. మేక మూతి దూరని చోట, చీపురు పోని చోట, ఆకు పోగుకు పెట్టిన మంట అంటుకోని చోట. ముళ్లు పక్కకు తొలగిస్తే నాలుగైదు ఆకులతో, వేలెడు లావు కూడా లేని కాండంతో ఒక ఇప్ప మొక్క కనిపించొచ్చు. కనిపిస్తే ఆ ముళ్లను మళ్లీ ఉన్నచోటే పెట్టేయాలి.